సిరిల్ ఎంట్విజిల్ పెట్టిన ఒకే ఒక్క కామా

థార్న్‌క్లఫ్ మెర్క్యురీ పత్రికలో ఎవరైనా ఉద్యోగం ముగించి వెళ్తుంటే పై అంతస్తువాళ్లు చెయ్యి కలిపి, గోడగడియారం చేతిలో పెట్టి పంపేస్తారు. కింద అచ్చు అక్షరాలు పేర్చే కంపోజింగ్ గదివాళ్ల పద్ధతి వేరు. వాళ్లు మోత మోగిస్తారు. వెళ్లే మనిషి గది ఈ కొస నుంచి ఆ కొసకి నడుస్తాడు. మిగతావాళ్లంతా చేతికందిన సుత్తి, ఇనుప కడ్డీ, రేకు పళ్లెం తీసుకుని బల్లల మీద బాదుతారు. వీధి చివర బేకరీలో రొట్టెలు కూడా అదిరిపడతాయని చెప్పుకుంటారు.

ప్రూఫ్ రీడర్ సిరిల్ ఎంట్విజిల్ ఆ మోత చాలాసార్లు విన్నాడు. ప్రతిసారీ ఆ గది మూలనున్న తన గాజుగది లోపలి నుంచే. "వెధవ గోల, ఒక్క వాక్యం చదవనివ్వరు" అని పైకి విసుక్కునేవాడు. తను వెళ్లే రోజున కూడా ఆ గోల కావాలని లోపల ఎంతగా కోరుకుంటున్నాడో భార్య హిల్డాకి తప్ప ఎవరికీ తెలియదు.

చిక్కల్లా ఏమిటంటే, ఆ కంపోజింగ్ గదిలో సిరిల్ అంటే ఇష్టపడే మనిషి ఒక్కడూ లేడు.

తప్పు వాళ్లది కాదు. సిరిల్ ఉద్యోగం తప్పులు పట్టడం, అందులోనూ కామాలూ ఫుల్‌స్టాపులూ అతని ప్రాణం. వేరే ఊళ్లలో మనిషి ఎదురైతే వాతావరణం గురించి మాట్లాడతారు. సిరిల్ ఎదురైతే థార్న్‌క్లఫ్‌లో దుకాణదారులు తమ బోర్డు వైపు ఒకసారి భయంగా చూసుకునేవాళ్లు. కూరగాయల కొట్టు ముందు సుద్దతో రాసిన పలకలో అక్కర్లేని అపాస్ట్రఫీని బొటనవేలితో తుడిచేసి, ఏమీ ఎరగనట్టు రెండు బంగాళాదుంపలు కొనుక్కుని వెళ్లేవాడు. అత్తగారి సమాధిరాయి మీద చివరి ఫుల్‌స్టాపు లేదని రాళ్లు చెక్కేవాణ్ని మళ్లీ పిలిపించాడు. "ఆవిడ ఎలాగూ ఆగిపోయారు కదండీ, దానికి మళ్లీ చుక్క ఎందుకు?" అన్నాడు ఆ రాళ్లవాడు. అయినా చుక్క పడేదాకా సిరిల్ అక్కణ్నించి కదల్లేదు.

పెళ్లి చేసుకుంటావా అని హిల్డాకి ఉత్తరం రాసి అడిగితే ఆమె ఒక్క మాటలో 'సరే' అని రాసి, పక్కన ఆశ్చర్యార్థకం గుర్తు పెట్టింది. అది సంతోషంతో పెట్టిందా, అదిరిపడి పెట్టిందా తేల్చుకోలేక సిరిల్ నేరుగా వెళ్లి అడిగాడు.

"రెండూనయ్యా, లోపలికి రా" అంది హిల్డా.

కంపోజింగ్ గదిలో అతని బద్ధశత్రువు నార్మన్ పిక్‌ఫర్డ్. ప్రకటనల పేజీలు పేర్చేది అతనే. అప్పటికింకా అచ్చంతా సీసంతో పోసిన అక్షరాలతోనే. సిరిల్ కాగితం మీద పెన్సిల్‌తో ఒక గీత గీస్తే, నార్మన్ ఆ వరసంతా విప్పి మళ్లీ పేర్చాలి. "ఈయన దిద్దిన ప్రూఫు చూస్తే ఈగలు సభ పెట్టినట్టుంటుంది" అనేవాడు. ఒక క్రిస్మస్‌కి కాగితం నిండా కామాలే అచ్చేసి, 'కావలసినచోట కత్తిరించి అంటించుకోగలరు' అని సిరిల్‌కి పంపాడు. సాయంత్రానికి ఆ కాగితం తిరిగొచ్చింది. మూడో వరసలో ఒక కామా వేరే సైజుదని సిరిల్ సున్నా చుట్టాడు. చూస్తే నిజమే. నార్మన్ వారం రోజులు అతనితో మాట్లాడలేదు.

చివరి వారంలో సిరిల్ ధైర్యం చేసి వాల్టర్ గ్రిమ్‌షాని కదిలించాడు. అచ్చు పనివాళ్ల యూనియన్‌ని చాపెల్ అంటారు, దాని పెద్దని ఫాదర్ అంటారు. వాల్టర్ వాళ్ల ఫాదర్. అసలు చర్చి గడప తొక్కి ఎన్నేళ్లయిందో అతనికే గుర్తులేదు.

"గురువారం నా ఆఖరి రోజు, వాల్టర్."

"తెలుసు. నార్మన్ వేళ్లు మడిచి లెక్క పెట్టుకుంటున్నాడు."

"అంటే... ఆ రోజు ఇక్కడ ఏమైనా సందడి లాంటిది..."

వాల్టర్ కళ్లజోడు మీంచి చూశాడు. "మోత సంగతా? అది మావాళ్లకే, సిరిల్. ఇందులో కోపతాపాల్లేవు. నువ్వు కాగితం మనిషివి, మేం సీసం మనుషులం. పైవాళ్లు నీకు గడియారం ఇస్తారుగా."

"మా ఇంట్లో గడియారం ఉంది."

"దిగులుపడకయ్యా," అన్నాడు పక్కనుంచి నార్మన్. "నువ్వు గేటు దాటగానే మేమంతా ఒక్కసారి ఊపిరి పీలుస్తాం. ఆ చప్పుడు వినబడుతుందిలే."

గురువారం వచ్చింది. అది వారపత్రికని ముగించి అచ్చుకి పంపే రోజు. హిల్డా ఇస్త్రీ చేసిన మంచి కోటు వేసుకుని వచ్చాడు సిరిల్. టీ గంట కొట్టగానే కంపోజింగ్ గది ఖాళీ అయింది. టీ గంటకి పని ఆపకపోవడం ఆ గదిలో దొంగతనం కంటే పెద్ద నేరం. సిరిల్ తన గాజుగదిలోంచి బయటికొచ్చాడు. పేజీలు పేర్చే ఇనుప బల్ల మీద, బిగించకుండా వదిలేసిన ప్రకటనల పేజీ కనబడింది. అందులో పెద్ద అక్షరాల్లో ఆష్‌వర్త్ మాంసం కొట్టు ప్రకటన. సాసేజీలకీ నెత్తురు పుడ్డింగుకీ మధ్య కామా లేదు. సిరిల్ రెండుసార్లు గుర్తు పెట్టాడు, నార్మన్ రెండుసార్లూ పట్టించుకోలేదు.

రేపటినుంచి ఇంకెవడో దిద్దుతాడు. ఈ కామా ఇప్పుడు పడకపోతే ఇక పడదు. పక్కనే అక్షరాల పెట్టె తెరిచి ఉంది. సిరిల్ అటూ ఇటూ చూశాడు. రెండు మాటల మధ్యనున్న ఖాళీ ముక్క పీకేసి, పెట్టెలోంచి ఒక కామా ఏరి, అక్కడ దూర్చేశాడు. అన్నేళ్ల ఉద్యోగంలో అతను సీసం ముట్టుకోవడం అదే మొదలు.

"ఏంటయ్యా అది?"

వాకిట్లో టీ కప్పుతో నార్మన్. సిరిల్ చెయ్యి వెనక్కి దాచుకున్నాడు. లాభం లేకపోయింది, వేళ్లు నల్లగా ఉన్నాయి.

"సీసం ముట్టుకున్నావా?"

నార్మన్ కప్పు కింద పెట్టి, "వాల్టర్!" అని కేక పెట్టాడు.

కంపోజిటరు కానివాడు సీసం మీద చెయ్యి వేస్తే పని ఆగాలి. అది వాళ్ల తాతల నాటి నియమం. అందరూ తిరిగొచ్చి, ఎవరి స్టూలు మీద వాళ్లు చేతులు కట్టుకుని కూర్చున్నారు. యంత్రాల చప్పుడు ఆగిపోయేసరికి ఎడిటర్ ఫాసెట్ మెట్లు రెండేసి చొప్పున దిగి వచ్చాడు.

"ఏమైంది వాల్టర్? ఇవాళ గురువారం!"

"ప్రూఫ్ రీడర్ సీసం ముట్టుకున్నాడు సార్."

"ఎంత?"

"ఒక కామా."

"ఒక్క కామాకి పేపరు ఆపుతారా?"

"ఇవాళ కామా సార్. రేపు పేరా."

ఫాసెట్ గోడకి చేరగిలబడ్డాడు. శుక్రవారం పొద్దున పేపరు లేకపోతే ఎవరు పోయారో, ఫుట్‌బాల్ ఎవరు గెలిచారో తెలియక ఊరు ఊరంతా ఆఫీసు మీదికొస్తుంది. సిరిల్ మాత్రం ఊరి గురించి ఆలోచించడం లేదు. ఇక మోత మాట దేవుడెరుగు, మెడ పట్టి గెంటకుండా పంపితే అదే పదివేలు అనుకుంటున్నాడు.

"సాక్ష్యం చూడాలి" అంటూ వాల్టర్ బల్ల మీదికి వంగాడు. తలకిందులుగా, కుడిఎడమలు మారి ఉండే ఆ అక్షరాలు అతనికి మామూలు చదువే. కాసేపు వంగే ఉన్నాడు. తర్వాత అతని భుజాలు కదలడం మొదలెట్టాయి.

"నార్మన్, ఇలా రా."

నార్మన్ వంగి చూశాడు. "అయ్యబాబోయ్" అని బల్ల పట్టుకున్నాడు.

కామా తలకిందులుగా ఉంది. అలాగే అచ్చయితే సాసేజీల కాళ్ల దగ్గర ఉండాల్సింది నెత్తిమీద ఈగలా వాలుతుంది.

"ఇన్నేళ్లు మా బుర్రలు తిన్నావు కదయ్యా! పెట్టక పెట్టక ఒక్క కామా పెట్టి, దాన్నీ తిరగేశావా?" అన్నాడు నార్మన్.

సిరిల్ బల్ల మీదికి వంగి చూశాడు. "సీసంలో అన్నీ తిరగేసి ఉంటాయంటారు కదా... అందుకని నేనూ..."

"మిగతా అక్షరాలతో పాటు తిరగాలయ్యా! అవన్నీ ఒక వైపు తిరిగితే నువ్వు ఇంకో వైపు తిప్పావు!"

నవ్వు గదంతా పాకింది. వాల్టర్ సుత్తితో బల్ల మీద ఒకసారి కొట్టాడు.

"చాపెల్ సమావేశం. అందరూ ఇలా రండి. సార్, మీరు కాస్త బయట నిలబడండి." ఫాసెట్ బయటికి నడిచాడు. "వినండ్రా. ప్రూఫ్ రీడర్ చేసిన పని అయితే మనం పేపరు ఆపాలి. కానీ ఇది చూడండి. ప్రూఫ్ రీడర్ అన్నవాడు ఇలాంటి కామా పెడతాడా?"

"పెట్టడు" అన్నారంతా.

"కంపోజిటర్ పెడతాడా?"

"చస్తే పెట్టడు."

"మరి ఎవడు పెడతాడు? ఇవాళే చేరిన అప్రెంటిసు పెడతాడు. అప్రెంటిసు తప్పు చేస్తే మనం పని ఆపం, చెవి మెలేస్తాం. సిరిల్‌ని టీ వేళ అప్రెంటిసుగా చేర్చుకున్నామని నేనంటాను."

"ఆయనకి బట్టతల వాల్టర్!"

"నియమాల్లో జుట్టు సంగతి ఎక్కడా లేదు. ఒప్పుకున్నవాళ్లు చెయ్యెత్తండి."

చేతులు లేచాయి. నార్మన్ చెయ్యి లేవలేదు. అతను సిరిల్ దగ్గరికొచ్చి చెవి పట్టుకుని, మరీ గట్టిగా కాకుండా, ఒక మెలి తిప్పాడు. అప్పుడు రెండో చెయ్యి ఎత్తాడు.

"కామా మాత్రం నేను సరిచెయ్యను. పెట్టినవాడే తియ్యాలి" అన్నాడు. సిరిల్ కామా పీకుతుంటే పక్కన నిలబడి చూపించాడు. "ఆ ముక్కకి పక్కన గాటుంది చూడు. అన్ని గాట్లూ ఒకే వైపు రావాలి. ఆ, అదీ. ఇంతకీ అక్కడ కామా అక్కర్లేదు."

"కావాలి."

"అప్రెంటిసులు ఎదురు మాట్లాడరు."

పేపరు వేళకి యంత్రం ఎక్కింది. సాయంత్రం గంట కొట్టాక సిరిల్ టోపీ తీసుకోబోతుంటే వాల్టర్ అడ్డొచ్చాడు.

"ఎక్కడికి? ఇవాళ్టితో నీ అప్రెంటిసు గడువు పూర్తయింది. పూర్తయినవాణ్ని ఎలా పంపుతామో తెలుసుగా?"

తెలుసు. సీనియర్లకి మోత ఒక్కటే. అప్రెంటిసుకి మోతతో పాటు అచ్చుసిరా, జిగురు, చిత్తుకాగితం ముక్కలు కూడా.

"కోటు విప్పుకోవచ్చా?"

"కుదరదు."

నార్మన్ జిగురు బకెట్టు తనే మోసుకొచ్చాడు. నెత్తిన సగం, మెడ వెనక సగం. సిరాతో మీసాలు దిద్దారు. చక్రాల బండి మీద కూర్చోబెడతామంటే సిరిల్ ఒప్పుకోలేదు, నడుస్తానన్నాడు. వాల్టర్ మొదటి దెబ్బ వేశాడు. ఆ తర్వాత ఎవరి దెబ్బ ఏదో తెలియలేదు. సుత్తులు, కడ్డీలు, పళ్లేలు, ఎవడో చెప్పు కూడా. సిరిల్ గది మధ్యలో ఆగి ఏదో అన్నాడు. ఎవరికీ వినబడలేదు. తలుపు దగ్గర గోడగడియారంతో నిలబడ్డ ఫాసెట్, ఈ జిగురు మనిషికి దాన్ని ఎక్కడ పట్టుకుని ఇవ్వాలో తోచక అలాగే ఉండిపోయాడు.

ఇంటికి వెళ్తే హిల్డా అతన్ని గడప దాటనివ్వలేదు. పెరట్లో నిలబెట్టి, కిరసనాయిలు గుడ్డతో మొహం రుద్దుతుంటే పక్కింటి మిసెస్ డక్‌వర్త్ గోడ మీంచి తల ఎత్తింది.

"సిరిల్‌కి ఏమైందమ్మా?"

"ఉద్యోగం అయిపోయింది" అంది హిల్డా.

"మా ఆయనకి అయిపోయినప్పుడు గొడుగిచ్చారు."

"గట్టిగా చెప్పండి," అన్నాడు సిరిల్. "మోత మోగించారు. చెవులింకా గింగురుమంటున్నాయి."

మిసెస్ డక్‌వర్త్‌కి మొదటిసారే వినబడింది. అయినా అతను అటు పక్కింటివాళ్ల గోడ వైపు తిరిగి, ఇంకాస్త గట్టిగా, మరోసారి చెప్పాడు.