అందరికీ తెలిసిన సంగతి

ఆ అంతరిక్ష సినిమా రెండో భాగంలో ఏం జరుగుతుందో మా నిడదవోలులో నాకు తప్ప అందరికీ తెలుసు. తెలుసుకోకూడదని నేనే పట్టుబట్టాను.

మొదటి భాగం తెలుగులోకి డబ్ అయి రాజమండ్రి వచ్చినప్పుడు నాన్న తీసుకెళ్లి చూపించారు. అప్పటికి నాది తొమ్మిదో తరగతి. గ్రహాల మీది మనుషులు జానపద సినిమాల్లో రాజుల్లా మాట్లాడుతుంటే హాల్లో అందరూ నవ్వారు. నేను మాత్రం కుర్చీ అంచున కూర్చుని నోరు తెరుచుకుని చూశాను. ఉప్పునీటి గ్రహం మీద ఒక ముసలావిడ దగ్గర పెరిగిన కుర్రాడు, తన ఊరిని తగలబెట్టిన శత్రుగ్రహం మీదికి యుద్ధానికి బయల్దేరతాడు. అక్కడికి ఆపేశారు.

రెండో భాగం వచ్చేసరికి నేను టైఫాయిడ్‌తో మంచంలో ఉన్నాను. లేచి తిరిగే వేళకి హాల్లోంచి ఎత్తేశారు. ఇక క్యాసెట్టు వచ్చేదాకా ఆగాలి. ఈలోగా ఊరంతా చూసేసింది. చూడనివాళ్లకి చూసినవాళ్లు చెప్పేశారు. చివర్లో బయటపడే రహస్యం మీద స్కూల్ యానివర్సరీలో మిమిక్రీ కూడా చేశారు. నేను చెవులు మూసుకుని బయటికి నడిచాను. ట్యూషన్‌లో మాస్టారు ఏదో చెబుతూ, "ఆ సినిమాలో కుర్రాడి సంగతి లాగానే..." అని మొదలెడితే లేచి నిలబడ్డాను.

"మాస్టారూ, నేనింకా చూళ్లేదండి."

"నీ ఒక్కదాని కోసం లోకమంతా నోరు కట్టేసుకోవాలా అమ్మా?"

"కట్టేసుకోవాలండి" అన్నాను.

క్లాసంతా నవ్వింది. ఆయన కూడా నవ్వారు గానీ, ఆ మాట పూర్తి చెయ్యలేదు. ఆ రోజు నాకు పెద్ద యుద్ధం గెలిచినట్టుంది.

ఆ వేసవి సెలవులకి తణుకు నుంచి పెద్దమ్మా, అక్కా వచ్చారు. పెద్దమ్మ మా అమ్మకి సొంత అక్క. ప్రతి వేసవికీ వచ్చేది. వచ్చినన్నాళ్లూ నా జడ తనే వేసేది, అవసరమైనదానికంటే ఎక్కువసేపు దువ్వేది. అక్క ఆవిడ పెద్ద కూతురు, అప్పటికి ఇంటర్ అయిపోయింది. వాళ్లు వచ్చారని నాన్న వీసీపీ అద్దెకి తెప్పించి, నేను ఎదురుచూస్తున్న ఆ క్యాసెట్టు కూడా తెప్పించారు. ఆయన మధ్యాహ్నం భోంచేసి మళ్లీ స్టీలు సామాన్ల కొట్టుకి వెళ్లిపోయారు. అమ్మ కత్తిపీట ముందు కూర్చుని మాగాయకి మామిడికాయలు తరుగుతోంది. పెద్దమ్మ పక్కనే చెక్కు తీస్తోంది. నేను టీవీకి ఎంత దగ్గరగా కూర్చున్నానంటే, అమ్మ రెండుసార్లు వెనక్కి జరగమంది.

అక్క ఈ సినిమా ఎప్పుడో చూసేసింది. వెనకాల చాప మీద పడుకుని విసనకర్ర ఊపుకుంటూ ఉన్నట్టుండి అంది: "ఎందుకే అంత ఆత్రం? వాడు అసలా గ్రహం వాడే కాదు. శత్రువుల పిల్లాడు. ఆ ముసలావిడ తెచ్చి పెంచుకుంది. అంతే కథ."

అన్ని నెలలు కాపాడుకున్నది ఒక్క నిమిషంలో పోయింది. చేతికందిన దిండు తీసి అక్క మీదికి విసిరాను. "నిన్నెవరు చెప్పమన్నారు? నీతో ఇంక జన్మలో మాట్లాడను" అని అరిచాను.

అక్కకీ కోపం వచ్చింది. లేచి కూర్చుంది. "అందరికీ తెలిసినదాన్ని నువ్వొక్కదానివే తెలుసుకోనంటే ఎలాగే? నీ సంగతీ అంతేగా. నువ్వు మా అమ్మకి పుట్టావని ఈ వీధిలో తెలియనిదెవరికి, నీకు తప్ప?"

పెద్దమ్మ లేచి వచ్చి అక్క వీపు మీద ఒక్కటి వేసింది. అప్పుడే నాకు అర్థమైంది అది నిజమని. అబద్ధమైతే నవ్వేసి ఊరుకునేది.

అమ్మ వైపు చూశాను. తరుగుతున్న కాయ చేతిలోనే ఉంది. కళ్లు దించుకోలేదు. "అవును" అంది.

పెద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తూ, "ముందా టీవీ ఆపండే" అంది. అక్క లేవబోయింది.

"ఆపొద్దు" అన్నాను. "నేను చూడాలి."

ఎందుకలా అన్నానో అప్పుడు తెలియదు. నా సినిమా, నా కథ రెండూ ఒకే నోటితో చెప్పేశారు. కనీసం ఒక్కటైనా నా కళ్లతో నేను చూడాలనిపించింది. ఎవరూ కదల్లేదు. అమ్మ చేతులు కడుక్కుని వచ్చి నా పక్కన కూర్చుంది. ఆవిడ వేళ్లకి మామిడికాయ పులుపు వాసన ఇంకా ఉంది. పెద్దమ్మా, అక్కా తెర వైపు కాకుండా నా వైపు చూస్తున్నారు. నేను మాత్రం తెర మీంచి చూపు తిప్పలేదు.

ఆ ఘట్టం వచ్చింది. ముసలావిడ నిజం చెప్పింది. అంతవరకూ నాకు ముందే తెలుసు. కానీ కుర్రాడు ఏం చేశాడో అక్క చెప్పలేదు. వాడు ఆవిణ్ణి వదిలేసి ఓడ ఎక్కి, పుట్టిన గ్రహం వైపు వెళ్లిపోయాడు. నాకు ఏడుపు రాలేదు, వాడి మీద ఒళ్లు మండింది.

"వెళ్లకపోతే ఏం పోయింది వీడికి?" అన్నాను పైకే.

అమ్మ నా చెయ్యి పట్టుకుంది. గాజులు గుచ్చుకునేంత గట్టిగా పట్టుకుంది.

సాయంత్రం పెరట్లో అమ్మని అడిగాను, ఎందుకు చెప్పలేదని. "నా కడుపున పడ్డవాళ్లెవరూ నిలవలేదు. నువ్వు పుట్టినప్పుడు మా అక్కని పురిటి మంచం దగ్గరే అడిగాను, సిగ్గు విడిచి అడిగాను. ఏడాదికేడాది చెబుదామనే అనుకున్నా. చెబితే ఎక్కడ వెళ్లిపోతావోనని నోరు రాలేదు" అంది.

అమ్మ మీద నాకు కోపం రాలేదంటే అబద్ధం. కానీ అసలు కోపం వీధి మీద. పాలు పోసే ఆవిడకి తెలుసు. జాకెట్లు కుట్టే ఆయనకి తెలుసు. మాస్టారికీ తెలిసే ఉంటుంది. నా గురించిన సంగతి ఇన్నేళ్లూ వాళ్ల దగ్గర ఉంది, నా దగ్గర లేదు. అది భరించలేకపోయాను.

రెండు రోజుల్లో నాకు తెలిసిపోయిందన్న మాట వీధంతా పాకింది. పక్కింటి పిన్నిగారు గోడ మీంచి వంగి, "పాపం, తెలిసిపోయిందటగా అమ్మా" అన్నారు.

"మీకు ఎప్పట్నుంచో తెలుసుగా పిన్నిగారూ. అప్పుడు లేని పాపం ఇప్పుడెక్కణ్ణుంచి వచ్చిందండి?" అన్నాను.

ఆవిడ మొహం చిన్నబుచ్చుకుని లోపలికి వెళ్లిపోయారు. అమ్మ నన్ను మందలించింది, పెద్దవాళ్లతో అలా మాట్లాడతావేంటని. కానీ ఆ పూట నాకిష్టమని గుత్తివంకాయ కూర చేసింది. సెలవులయ్యాక నేనే బడిలో, ట్యూషన్‌లో అందరికీ చెప్పాను, "నన్ను పెంచుకున్నారు, మా పెద్దమ్మ కన్నది" అని. ఎవరో చెవి కొరికేలోగా నా నోటితోనే చెప్పేయాలని. చెప్పిన చోటల్లా గుసగుసలు ఆగిపోయాయి. నేనే చెప్పేశాక వాళ్లకి మిగిలిందేముంది?

దసరాకి పెద్దనాన్నగారు అక్కని తీసుకుని వచ్చారు. అందరినీ కూర్చోబెట్టి, "నిజం ఎలాగూ తెలిసింది. ఇంటర్ తణుకులో చదువుకో. అదీ నీ ఇల్లే కదా" అన్నారు. ఆయన మంచి మనసుతోనే అన్నారు. నాన్న తల వంచుకుని ఉత్తరీయం అంచు నలుపుతున్నారు. అమ్మ గుమ్మంలో నిలబడింది, లోపలికి రాలేదు.

"వస్తానండి పెద్దనాన్నగారూ, సెలవులకి. ఎప్పుడూ వస్తున్నట్టే. నేను చదువుకునేది ఇక్కడే" అన్నాను.

"రక్తసంబంధం అమ్మా..."

"ఆ కుర్రాడు కూడా అదే అనుకుని ఓడ ఎక్కాడండి."

ఆయనకేం అర్థం కాలేదు. అక్క ఒక్కతే పక్కున నవ్వింది.

అక్కతో జన్మలో మాట్లాడనన్న పంతం నెల రోజులు కూడా నిలవలేదు. మరుసటేడు మూడో భాగం రాజమండ్రిలో ఆడుతున్నప్పుడు ఇద్దరం పాసింజర్‌లో వెళ్లాం. గోదావరి బ్రిడ్జి మీద అక్క, "ఆరోజు నేనలా చెప్పకుండా ఉండాల్సింది" అంది. "ఎవరో ఒకరు చెప్పాలిగా. సినిమా అయ్యాక చెప్పుంటే బావుండేది" అన్నాను. రహస్యం తెలిస్తే కథ చచ్చిపోతుందని ఇప్పటికీ అంటుంటారు చాలామంది. నేనొప్పుకోను. తెలిశాక ఆ మనిషి ఏం చేస్తాడన్నది ఎవరూ ముందే చెప్పలేరు.

చాలా ఏళ్ల తర్వాత, నా పెళ్లయిన కొత్తలో, పెద్దమ్మ నా జడ అల్లుతూ అల్లుతూ ఆగింది. "ఒక్కసారి అమ్మా అని పిలుస్తావా? ఎవరూ లేరుగా" అంది. ఆ గొంతు విని నా కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా పిలవలేదు. "నువ్వు నాకు పెద్దమ్మవే. పెద్దమ్మంటే తక్కువేం కాదు" అన్నాను.

ఆవిడ మళ్లీ జడ అల్లడం మొదలెట్టింది. తర్వాత జడ చివర రబ్బరు బ్యాండు వేస్తూ, "మొండిదానివే. అచ్చం మా చెల్లెలి కూతురివే" అంది.