కత్తిరి ఎండల్లో పురుడు

నా పెద్దకొడుకు కత్తిరిలో పుట్టినాడు. ఎండాకాలంలో నిప్పులు చెరిగే ఆ మూడు నాలుగు వారాలను మా పక్క కత్తిరి అంటారు. డెబ్బైల చివర్లో మాట. తొలికాన్పు పుట్టింట్లోనే జరగాలని సీమంతం అయినాక నన్ను చిత్తూరులో అత్తగారింటి నుంచి మా పుట్టినూరు నగరికి పిలుచుకొచ్చినారు.

మాది నేతపని చేసే ఇల్లు. ముందర పెద్ద గదిలో నాయన మగ్గం. నేలలో గుంత తవ్వి, దాంట్లోకి కాళ్ళు దించుకొని కూర్చొని నేసే గుంతమగ్గం. వెనక వంటిల్లు. ఆ రెండింటి నడాన, ఒక్కటే కిటికీ ఉండే చిన్న గది. నన్నూ బిడ్డనూ ఆ చిన్న గదిలో పెట్టినారు.

పురుడు చూసుకొనే పని మా అవ్వది. నాయనను కన్నతల్లి. వీధిలో ఎవరికి కాన్పయినా ముందు ఆమెకే కబురొచ్చేది. అట్లాంటి ఆమె మాటను మా ఇంట్లో ఎవరు కాదంటారు? బాలింతకు గాలి తగలకూడదని కిటికీ మూసి, సందుల్లో పాతగుడ్డలు కుక్కింది. నా చెవుల్లో దూది, తలకు తువ్వాలు, నడుముకు బిగించి చీరకట్టు. మంచం పక్కన కుంపటి, పొద్దునా సాయంత్రం దాంట్లో సాంబ్రాణి పొగ. మజ్జిగ కూడదు. నీళ్ళు కాచినవే, అవీ అన్నం తిన్నప్పుడు అర గ్లాసు.

"ఇంకొంచెం ఇయ్యవ్వా, నోరెండిపోతా ఉండాది" అంటే, "నీళ్ళు తాగితే కడుపు జారిపోతుంది మే. నలబై దినాలు ఓర్సుకో. నేను ఓర్సుకోలేదా, మీయమ్మ ఓర్సుకోలేదా?" అనేది.

మా అమ్మ గడప దగ్గర నిలబడి నా మొగం చూసేది, అత్త మొగం చూసేది, గమ్మున వంటింట్లోకి పోయేది.

పదో దినానికి బిడ్డ వీపంతా చెమటకాయలు. ఎర్రగా, ఆవాలు చల్లినట్టు. వాడు పొద్దు పొడిచింది మొదలు ఏడ్చేవాడు. నాకు పాలు సరిగా పడేవి కావు. మధ్యాన్నం పెంకుల మీద నుంచి సెగ దిగేది. మంచం పట్టె మీద చెయ్యి పెడితే అదీ వేడిగానే ఉండేది. గోడకు ఆ పక్క నాయన మగ్గం చప్పుడు మాత్రం ఆగకుండా వినిపిస్తా ఉండేది.

ఆ గోడకు ఆ పక్క ఎంత చల్లగా ఉంటుందో నాకు తెలుసు. ఎండలకు నూలు పెళుసెక్కుతుంది. ఊరికూరికే తెగుతుంది. తెగిన పోగులు ముడేస్తా కూర్చుంటే నేత సాగదు. అందుకని నాయన తెల్లారేసరికే నేలంతా నీళ్ళు చల్లి, గుంత చుట్టూ ఇసుక పోసి తడిపి, తలుపు ఓరగా వేసి పెట్టేవాడు. చిన్నప్పుడు మేము ఆ తడి ఇసుకలో కాళ్ళు పెట్టి కూర్చోవాలని పోతే నూలు చిక్కు పెడతామని తరిమేవాడు.

పద్నాలుగో దినమో పదిహేనో దినమో, మధ్యాన్నం బిడ్డ ఏడ్చి ఏడ్చి ఉన్నట్టుండి ఆపేసినాడు. నిద్రపోయినాడు అనుకున్నాను. ముట్టుకుంటే ఒళ్ళు కాలిపోతా ఉంది. కళ్ళు సగం తెరిచే ఉన్నాయి. పెదాలు ఎండి అతుక్కొని ఉన్నాయి. రొమ్ము పెడితే పట్టుకోలేదు. "అమ్మా!" అని అరిచినాను. అమ్మ నీళ్ళకు పోయినట్టుంది, పలకలేదు.

మగ్గం చప్పుడు ఆగిపోయింది. నాయన గడప దగ్గరికి వచ్చి నిలబడినాడు. బాలింత గదిలోకి మగవాళ్ళు రారు. ఆయన అప్పటిదాకా మనవణ్ణి ఒక్కసారి, అదీ అమ్మ చేతుల్లో దూరంగా చూసినాడంతే.

"ఏమ్మా, బిడ్డ ఏడుపు ఆపేసినాడే?"

"ఒళ్ళు కాలిపోతా ఉండాది నాయనా. పాలు పట్టుకోలేదు."

ఒక్క నిమిషం నిలబడినాడు. ఆమీట గడప దాటి లోపలికి వచ్చి, "ఇట్లియ్యి" అని చేతులు చాపినాడు. బిడ్డను తీసుకొని మగ్గం గదిలోకి పోయినాడు. నేను తలకు కట్టిన తువ్వాలు, చెవుల్లో దూది పీకేసి ఆయన వెనకాల పోయినాను. పదిహేను దినాల తర్వాత తడినేల మీద కాలు పెట్టినాను. ఆ చల్లదనం అరికాళ్ళ నుంచి తలదాకా పాకింది. నాకు ఏడుపొచ్చింది.

నాయన బిడ్డకు చుట్టిన గుడ్డలన్నీ విప్పేసి, తన పైగుడ్డ నేల మీద చల్లే నీళ్ళలో ముంచి పిండి, మొగమూ మెడా చంకలూ మెల్లగా తుడిచినాడు. నూలు పట్టుకొనే చేతులు కదా, పోగు తెగకుండా పట్టుకున్నట్టే పట్టుకున్నాడు. నా పక్కకు తిరిగి, "మూల కుండలో మంచినీళ్ళుండాయి, తాగు" అన్నాడు. చెంబెడు తాగినాను. ఇంకో చెంబు ముంచుకున్నాను. కొంతసేపటికి బిడ్డ సన్నగా ఏడ్చినాడు. రొమ్ముకు పెట్టుకుంటే పట్టుకున్నాడు. నాయన గోడ పక్కకు తిరిగి నిలబడి కళ్ళు తుడుచుకున్నాడు.

అంతలో అవ్వ వచ్చింది. వీధిలో ఇంకొక కాన్పు చూసి వస్తా ఉంది. నన్ను చూసి నెత్తిన చేతులు పెట్టుకొంది.

"అయ్యో, పచ్చి బాలింతను తడినేలలో కూసోబెట్టినావేరా! నీకు బుద్ధుండాదా?"

నాయన తన తల్లికి ఎదురు చెప్పగా నేను అంతవరకూ చూడలేదు. ఆ దినం కూడా గొంతు పెంచలేదు.

"ఎండకు దారం తెగిపోతుందని పొద్దుననంగా నీళ్ళు సల్లతా ఉండాను కదమ్మా. బిడ్డ వాడిపోతా ఉంటే సల్లకూడదా?"

అవ్వ వెనక్కి పోయి వంటింట్లో గోడకానుకొని కూర్చొనింది. ఆ పూట అన్నం తినలేదు.

సాయంత్రం నాయన మగ్గానికి ఎడంగా దూలానికి అమ్మ పాతచీరతో ఊయల కట్టినాడు. నా మంచమూ అక్కడికే జరిపి, ఆ గది కిటికీకి తడిపిన దుప్పటి వేలాడదీసినాడు. మరుసటి పొద్దున నేతకు కూర్చొని, చప్పుడుకు బిడ్డ లేస్తాడేమో అని ఒక్క పోగు నేసి ఊయల పక్కకు చూసినాడు. వాడు కదలలేదు. ఇంకొకటి నేసినాడు. అట్లా ఆ దినమంతా చూస్తా నేస్తానే ఉన్నాడు.

రెండు దినాలు అవ్వ మగ్గం గదిలోకి రాలేదు. మూడో దినం దూది తీసుకొని వచ్చి నా పక్కన కూర్చొనింది.

"మీ నాయన కంటే ముందర నాకొక ఆడబిడ్డ పుట్టింది" అనింది. "తుంపర పట్టిన దినాలు. గదిలో పొగకు ఊపిరాడక నేనే కిటికీ తెరిసినా. బిడ్డకు జలుబు చేసింది. పదకొండు దినాలే ఉన్నింది నా దగ్గర. కిటికీ తెరిసినట్టు ఎవురికీ సెప్పలేదు మే నేను."

మగ్గం ఆగిపోయింది. తనకొక అక్క పుట్టి పోయినట్టు నాయనకూ తెలీదు. ఆయన గుంతలోంచి కాళ్ళు తియ్యకుండా, తల వంచుకొని అట్లనే కూర్చొన్నాడు.

నేను అవ్వ చేతిలో దూది తీసుకొని నా చెవుల్లో నేనే పెట్టుకున్నాను. ఆమె నా తల నిమిరింది. ఆమీట పోయి కిటికీకీ ఊయలకూ నడాన పీట వేసుకొని, కిటికీకి వీపు పెట్టి కూర్చొనింది.

"ఆడెందుకు కూసుంటావవ్వా?"

"గాలి ముందర నాకు తగిలి, ఆమీట బిడ్డకు పోనీలే."

కత్తిరి పోయేదాకా ఆమె ఆ చోటు వదల్లేదు. బిడ్డ వీపు మీద చెమటకాయలు మానిపోయినాయి. మధ్యలో ఒక సాయంత్రం గాలీవానా వచ్చి పెంకులు రెండు లేచిపోయినాయి కూడా. ఐదో నెలలో బిడ్డను ఎత్తుకొని చిత్తూరుకు వచ్చేసినాను.

మరుసటేడు ఎండలు ముదరకముందే నాయన చిత్తూరుకు వచ్చినాడు. మాది అప్పుడు రెండు గదుల మిద్దె. మాపటికి కూడా గోడలు కాలేవి. ఆయన కాఫీ తాగి, లేచి, కిటికీల వెడల్పు జానతో కొలుచుకొన్నాడు. ఎందుకని అడిగితే చెప్పలేదు. వారం దినాలకు నగరి బస్సులో ఎవరో తెలిసినాయన చేత ఒక మూట పంపించినాడు. విప్పితే ముతక నూలుతో దట్టంగా నేసిన రెండు పరదాలు. అమ్మేదానికి అట్లాంటిది ఆయన ఎప్పుడూ నేయలేదు. బకెట్లో ముంచి వేలాడదీస్తే సగం పొద్దు వరకూ తడి ఆరేది కాదు.

మొదటి దినం వాటిని కట్టినప్పుడు, మా అత్త ఆ కిటికీ కింద చాప వేసుకొని, చింతపండు గింజలు తీస్తా తీస్తా ఆ చల్లదనానికి నిద్రపోయింది.