సార్జెంటు హాల్బర్డ్

కెనడాలో గ్వెల్ఫ్ దాటాక వచ్చే ఒక చిన్న ఊరి మ్యూజియంలో నాకు ఏడాది కాంట్రాక్టు దొరికింది. మ్యూజియం కోర్సు చదివి కూడా రెండేళ్ళు కాఫీ షాపులో నిలబడ్డదాన్ని. పీఆర్‌కి, అంటే ఇక్కడ శాశ్వతంగా ఉండే అనుమతికి, ఈ అనుభవం పనికొస్తుందని మ్యూజియంలో ఎవరేమన్నా తలూపేదాన్ని.

ముందు గది గోడకి ఒక హాల్బర్డ్ ఉండేది. ఒకే కర్రకి ఈటె మొన, గొడ్డలి, వెనక కొక్కెం. నిలబెడితే నాకంటే రెండడుగులు ఎత్తు. యూరప్‌లో తయారై, అమెరికా ఇంకా బ్రిటిష్ వలసగా ఉన్న రోజుల్లో ఒక సార్జెంటు చేతిలో అక్కడికి చేరింది. అతని వారసులు తర్వాత కెనడా వచ్చారు. దాన్ని మ్యూజియంకి ఇచ్చింది వాళ్ళే. అడవుల్లో శత్రువులతో వీరోచితంగా పోరాడిన ఆయుధం అని కింద కార్డు.

తుప్పు తుడవడానికి ఒకరోజు దాన్ని దించాం. రెండో కొస పట్టుకున్నది ఒక తెలుగు అంకుల్. ఫ్యాక్టరీలో మెషినిస్టుగా రిటైరై, వలంటీరుగా వచ్చి బీరువాల తాళాలు బాగుచేసేవారు.

"ఇంత పొడుగుది పట్టుకుని చెట్ల మధ్య ఎట్లా కొట్లాడతారమ్మా? కొమ్మలకి తగులుకోదూ?" అన్నారు.

ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఫైలు తీశాను. అందులో సార్జెంటు డైరీకి టైపు కాపీ ఉంది. మొదటి పేజీ దాటి ఎవరూ చదివినట్టు లేదు. నేను మొత్తం చదివాను. అప్పటికే యుద్ధం తుపాకులతో జరిగేది. హాల్బర్డ్ సార్జెంటు హోదాకి గుర్తు, సైనికుల వరసలు సరిచేసే కర్ర. దానికి ఇంకో పని కూడా ఉండేది. మూడు హాల్బర్డ్‌లను మొనల దగ్గర కలిపి కట్టి, కాళ్ళు ఎడంగా నిలబెట్టి, తప్పు చేసిన సైనికుణ్ణి దానికి కట్టేసి కొరడాతో కొట్టేవారు. రొట్టె దొంగిలించిన ఒకణ్ణి అలా కొట్టారని, కట్టిన వాటిలో తన హాల్బర్డ్ కూడా ఉందని, మూడోరోజు అతను చనిపోయాడని సార్జెంటు రాసుకున్నాడు.

కొత్త కార్డు రాసి, అంకుల్‌కి చూపించి, మ్యూజియం బాధ్యతలు చూసే క్యూరేటర్‌కి ఇచ్చాను.

"బాగా రాశావు," అన్నాడాయన. "కానీ శనివారం ఆ సార్జెంటు కుటుంబం వస్తోంది. పాత కార్డే ఉంచుదాం. టూరు నువ్వే ఇవ్వు, నీకు అనుభవం వస్తుంది."

ఇచ్చాను. అడవి, శత్రువు, వీరత్వం, అన్నీ చెప్పాను. అందరూ ఫోటోలు దిగి కాఫీకి వెళ్ళారు. ఎనభై దాటిన ఒక ఆవిడ మాత్రం వాకర్ పట్టుకుని ఆగిపోయింది.

"మా నాన్న ఆ డైరీని మమ్మల్ని ముట్టుకోనిచ్చేవాడు కాదు," అంది. "ఏదో దాస్తున్నాడని చిన్నప్పుడే అనిపించింది. ఇక్కడ పనిచేస్తున్నావు, నువ్వు చదివే ఉంటావు. అందులో చెడ్డదేమైనా ఉందా?"

క్యూరేటర్ తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు.

"ఏమీ లేదండీ," అన్నాను.

ఆవిడ నా చెయ్యి నొక్కింది. "అయితే ఇన్నేళ్ళూ నాన్నని ఊరికే అనుమానించాను," అంది. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

సాయంత్రం పార్కింగులో అంకుల్‌తో అన్నాను, "ఆవిడకి అబద్ధం చెప్పాను అంకుల్."

"విన్నానమ్మా. పక్క గదిలోనే ఉన్నా. వచ్చి నిజం చెప్పి ఉండొచ్చు. నేనూ రాలేదు." కారు తలుపు తీశారు. "ఎక్కు, ఇప్పుడు నీకు బస్సు లేదు."



నా కాంట్రాక్టు రెన్యూ చెయ్యలేదు. పని పోయిన వారానికి డైరీలోని ఆ పేజీలను, క్షమించమని ఒక ఉత్తరాన్ని కవరులో పెట్టి ఆవిడకి పోస్టు చేశాను. నెల తర్వాత ఆవిడ కూతురు జవాబు రాసింది. అమ్మ ఇప్పుడు ఎవర్నీ గుర్తుపట్టడం లేదని, తన నాన్న మంచివాడని మాత్రం రోజూ చెప్తోందని, ఆ పేజీలు చూపించదలచుకోలేదని.

ఆ కూతురు చేసింది సరైన పనే. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ నోరు మూసుకుని, పోగొట్టుకోవడానికి ఏమీ మిగలని రోజున నిజం చెప్పాలనుకున్నదాన్ని నేను.