శామీర్‌పేటలో కాలు చాపి వాయించిన ఫిడేలు

ఈ ప్రయాణం ఒక పందెం వల్ల మొదలైంది. కొంతకాలంగా నా ఎడమ భుజం పట్టేసి, కచేరీ అయిన మర్నాడు చెయ్యి తల దాకా లేచేది కాదు. సికింద్రాబాదులో చూపించుకున్న డాక్టరు కాపడం పెట్టుకోమని, ఫిడేలు మానెయ్యమని చెప్పాడు. నాకన్నా పెద్దదైన మా ఆడపడుచు ఆ మాట పట్టుకుని వదల్లేదు. "నలభై దాటినంక ఇంక ఫిడేలేంది? నా మరిది కొడుకు నేర్చుకుంటుండు, వానికియ్యి," అంది. నాకు మాత్రం ఆ వైద్యం మింగుడు పడలేదు. అదే చేత్తో పిండి విసురుతాను, బావిలో నీళ్లు తోడతాను, ఇంట్లో గంటలకొద్దీ సాధన చేస్తాను. అప్పుడు రాని నొప్పి కచేరీలోనే ఎందుకొస్తుంది? శామీర్‌పేటలో ఏటా నన్ను పిలిచే దొరగారింటి నుంచి మనుమడి తొట్టెల పండుగకు పిలుపు వచ్చి ఉంది. "పోయొస్త వదినా. మర్నాడు పొద్దున చెయ్యి లేవకపోతే ఫిడేలు నీ చేతికే ఇస్త," అన్నాను. అన్నాక భయమేసింది. అయినా మాట వెనక్కి తీసుకోలేదు.

శామీర్‌పేటకు కరీంనగర్ రోడ్డు మీద తిన్నగా బస్సు ఉంది. కానీ యుద్ధం వచ్చి పెట్రోలు కరువైనప్పటి నుంచి అది బొగ్గు గ్యాసుతో నడుస్తోంది. ఎత్తు వచ్చినచోటల్లా జనం దిగి తొయ్యాలి. ఈ భుజంతో ఆ పని నా వల్ల కాదు. పైగా పాట పాడే రాజమ్మక్క మేడ్చల్‌లో ఉంటుంది. అందుకని సికింద్రాబాదులో పొద్దుటి రైలెక్కాను. ఆడవాళ్ల పెట్టెలో టికెట్టు మూడణాలు. అల్వాల్, బొల్లారం దాటితే గంటన్నర లోపే మేడ్చల్. స్టేషను బయట ఒకామె పెనం మీద జొన్నరొట్టెలు కాలుస్తోంది. వెల్లుల్లి కారంతో రొట్టె అణా. రెండు తిని, ఒకటి మూటగట్టించుకున్నాను.

రాజమ్మక్క తంబురాతో సిద్ధంగా ఉంది. అక్కడి నుంచి శామీర్‌పేటకు ఎడ్లబండే దారి. బండి మల్లయ్య నిజాం హాలీ సిక్కాలో రూపాయిన్నర అడిగాడు.

"రూపాయి పావలా ఇస్త. ఇద్దరు ఆడోళ్లమే గద," అన్నాను.

"ఫిడేలు పెట్టె గూడ ఎక్కుతాంది గదమ్మా."

"పెట్టె రొట్టె తినదు మల్లయ్యా."

"నా ఎడ్లు తింటయి," అన్నాడు. రూపాయి పావలాకే కుదిరింది, గడ్డి మోపు అతనిదే.

ఆ బాట మీద కుదుపులకు ఒళ్లు హూనమవుతుంది. కింద మందంగా గడ్డి పరిపించుకోవాలి. మధ్యాహ్నం ఎడ్లకు నీళ్లు పెట్టడానికి మల్లయ్య ఒక వేపచెట్టు కింద బండి విప్పాడు. మేము కంబళి పరుచుకుని సాయంత్రం పాటలు ఒకసారి అనుకున్నాం. చూసేవాళ్లెవరూ లేరు గనక ఇంట్లోలాగే బాసిపట్టు వేసి, కుడిపాదం ముందుకు చాపి, ఫిడేలు తల చీలమండ మీద ఆనించి వాయించాను. పెద్ద కీర్తన, దాని వెనక ఇంకో రెండు అయ్యాయి.

"గింత సేపు వాయించినవ్, ఒక్కసారి గూడ భుజం పట్టుకోలేదేందే?" అంది రాజమ్మక్క.

నేను నా పాదం వైపు చూసుకున్నాను. నాకు ఫిడేలు నేర్పిన గురువుగారు అలాగే కూర్చునేవారు. మగవాళ్లందరూ అంతే. నా చేత మాత్రం మొదటి కచేరీనాడే, అది పెట్టించిన ఇంటి ఆడవాళ్లు, పెద్దల ముందు ఆడది కాలు చాపకూడదని, పాదం చీర కిందికి లాగించారు. అప్పటి నుంచీ సభలో ఫిడేలు తలకు ఆనిక లేదు. దాని బరువంతా బొటనవేలు, భుజం మోస్తూ వచ్చాయి. ఇన్నాళ్లూ నొప్పి వయసుదనుకున్నాను. నొప్పి మర్యాదది.

"ఇయ్యాల సభల గూడ గిట్లనే కూసుంట అక్కా."

"దొరసాని ఊకోదు."

"ఊకోకపోతే మాననియ్యి."

మూడు గంటలకు చెరువు కట్ట కనిపించింది. దొరగారింట్లో కాళ్లు కడుక్కుని, మజ్జిగ తాగి, దీపాలు పెట్టే వేళకు చావడిలో కూర్చున్నాం. మృదంగం వాయించే పంతులుగారు ముందే వచ్చి ఉన్నారు. నేను పాదం చాపి ఫిడేలు ఆనించానో లేదో, ఎదురుగా పీట మీదున్న దొరసాని గొంతు లేచింది.

"ఏందమ్మా, పెద్దల మొకానికి కాలు సాపి కూసుంటివి?"

"ఫిడేలు ఆన్చుకోవాలె దొరసానీ. పంతులుగారి కాలు గూడ మీ దిక్కే ఉన్నది."

"మొగోళ్ల సంగతి వేరు."

"భుజం ఒకటే గద."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. దొరసాని మొహం ఎర్రబడింది. "శాలువ తెచ్చి గా కాలు కప్పుండ్రి," అంది.

"కప్పితే ఫిడేలు జారుతది. వద్దు," అన్నాను.

రాజమ్మక్క నా తొడ గిల్లి, "పైసలు పోతయే," అని గొణిగింది.

"పోనీ అక్కా, శ్రుతి పట్టు."

పంతులుగారు తలొంచుకుని మృదంగం సరిచూసుకుంటున్నారు. దొరసాని లేచింది. వెళ్లిపోతుందనుకున్నాను. తన పీట నా పాదానికి ఎదురు కాకుండా స్తంభం పక్కకు జరిపించుకుని, మళ్లీ కూర్చుంది. మంగళం పాడేదాకా కదల్లేదు.

మర్నాడు పొద్దున కళ్లు తెరిచి, చెయ్యి కదపడానికి కాసేపు ధైర్యం రాలేదు. తర్వాత లేచి, రెండు చేతులూ పైకెత్తి జడ విప్పి, దువ్వి, కొప్పు చుట్టుకున్నాను. భుజం కాస్త బరువుగా ఉంది, లేదనను. కానీ చెయ్యి లేచింది. దొరసాని మాట్లాడుకున్న అయిదు రూపాయలూ తాంబూలంలో పెట్టి ఇచ్చి, "మంచిగ వాయిస్తవు. మల్ల మాత్రం పిలువ," అంది. ఏటా రెండు కచేరీలిచ్చే ఇల్లు అది. పోయినందుకు బాధగానే ఉంది.

ఇంటికొచ్చాక వదిన నా చెయ్యి చూసి, "ఇంక నాలుగు దినాలు జూద్దాం," అంది. చూడమన్నాను. ఫిడేలు నా పెట్టెలోనే ఉంది. నొప్పి అనగానే మనవాళ్లు మొదట మానిపించేది వాయిద్యాన్నే. కూర్చునే తీరును ఎవరూ అడగరు, ఎందుకంటే దాన్ని నిర్ణయించింది వాళ్లే. భుజం పట్టేసిన అక్కచెల్లెళ్లు వాయిద్యం వదిలే ముందు, ఒంటరిగా ఎలా కూర్చుంటారో, నలుగురిలో ఎలా కూర్చుంటారో పోల్చి చూసుకోండి. తేడా కనిపిస్తే నలుగురిలోనే మార్చండి.

ఒక్క సలహా. కచేరీకి ఒప్పుకునే రోజే, కాలు చాపి వాయిస్తానని కబురు పంపండి. ఇష్టం లేనివాళ్లు అప్పుడే వద్దంటారు. మీకు బండి కిరాయి మిగులుతుంది.