గుండు చూసి ఎవరూ అడగరు

తిరుపతి బస్టాండుకు కాస్త దూరంలో, మేడమీద ఒక గదిలో నేను ఇంగ్లీషు చెబుతాను. వచ్చేవాళ్ళు ఎక్కువగా శ్రీ సిటీ కంపెనీల్లో ఇంటర్వ్యూలకు పోబోయే అమ్మాయిలు. పోయిన వారం కప్పడం, దాచడం అనే పనులకు ఇంగ్లీషులో ఉన్న క్రియల దగ్గరికి వచ్చాం. ఈ పాఠం వచ్చినప్పుడల్లా నీళ్ళ సీసా ముందే దగ్గర పెట్టుకుంటాను.

కవర్‌తో మొదలుపెడతాను. అది అమాయకమైన మాట. అన్నం గిన్నెమీద మూత పెడితే కవర్, వాన వస్తోందని బండిమీద పట్ట కప్పితే కవర్. దేనితో కప్పామో చెప్పడానికి పక్కన విత్ వస్తుంది. హైడ్ అలా కాదు. దానికి ఎదుటి మనిషి ఒకరు కావాలి, ఎవరికి తెలియకూడదో ఆ మనిషి. అందుకే దాని వెంట ఫ్రమ్ వస్తుంది. కన్సీల్ కూడా దాచడమే గానీ, అది ఇస్త్రీ చొక్కా వేసుకున్న మాట. చిత్తూరు కోర్టులో వకీళ్ళ నోట బాగుంటుంది, ఇంట్లో అంటే నవ్వుతారు. తలుపు వెనక నక్కి "ఐ యామ్ హైడింగ్" అనొచ్చు. "ఐ యామ్ కన్సీలింగ్" అని ఆపేస్తే మాత్రం, ఏం దాస్తున్నావు తల్లీ అని అడగాల్సి వస్తుంది.

ఈ ఉదాహరణల్లో సగం మా అక్కతో కూర్చుని తయారుచేసుకున్నవే. మాది చంద్రగిరి. నాయన పోయాక ఇంట్లో అమ్మ, అక్క, నేను. అక్క శ్రీ సిటీలో ఒక కంపెనీలో పనిచేసేది. పొద్దున్నే కంపెనీ బస్సు ఎక్కేది, లోపల రోజంతా జుట్టు కనపడకుండా టోపీ పెట్టుకునేది. ఆదివారం నేను చిక్కుడుకాయలు తుంచుతూ పాఠం అప్పజెప్పేదాన్ని, అక్క వంకలు పెట్టేది.

"బరీ, పూడ్చిపెట్టడం అంటే నీకు పీనుగే గుర్తొస్తాది మే," అంది ఒకసారి. "మామిడికాయలు గడ్డిలో పెట్టి మాగేస్తామే, అది కాదా?"

గడ్డి పైపైన పరిస్తే కవరే, కాయల్ని గడ్డి లోపలికి తోసేస్తే బరీ అనొచ్చు అన్నాను. "ఆ గడ్డిలో చెయ్యి పెట్టి పండినకాయ వెతికేదానికి ఏమంటారు?" అని అడిగింది. దానికి విడిగా మాట లేదన్నాను. "అయితే నీ ఇంగ్లీషు అంత గొప్పదేమీ కాదులే," అని నవ్వింది. ఆ నవ్వు వినాలని ఉంది నాకు. ఇంత సూటిగా చెప్పడానికి సిగ్గేమీ లేదు, అక్క కావాలి నాకు.

నాయనను తీసుకుపోయిన క్యాన్సరే అక్కకూ వచ్చింది. డాక్టరు చెప్పిన రోజు ఆస్పత్రి బయట టీ కొట్టు దగ్గర నిలబడి అక్క ఒకటే మాట అంది. "అమ్మకు తెలియగూడదు. నాయన పోయినప్పుడే సగమైపోయింది. ఇంగ నా సంగతి గూడా తెలిస్తే మనిషి మిగలదు."

వాంతులైతే క్యాంటీన్ తిండి పడలేదని చెప్పొచ్చు. ఆస్పత్రికి పోయిన రోజు డబుల్ షిఫ్ట్ అనొచ్చు. జుట్టు రాలిపోతుందన్నారే, దాన్నేం చేయాలి? నేను విగ్గు గురించి అడుగుతుంటే అక్క నా నెత్తిన ఒకటి మొట్టింది.

"మనం ఉండేది యాడ మే? తిరుపతి పక్కన గుండు సూసి ఎవురడగతారు?"

నిజమే. ఇంకో ఊళ్ళో ఆడపిల్ల గుండు కనపడితే అయ్యో అంటారు. మా దగ్గర దండం పెట్టి పక్కకు జరుగుతారు. అక్కకు కీమో మొదలుపెట్టకముందే ఇద్దరం కొండకు పోయాం. కల్యాణకట్టలో అక్క తల వంచింది. ఆ పొడుగు జడ తడినేలమీద పడగానే నాకేమైందో, నేనూ పక్కన కూర్చుని తల వంచేశాను.

"నీకెందుకు మే?" అని అక్క కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"ఒక్కదానివైతే ఏం మొక్కు అని అమ్మ అడగతాది. ఇద్దరమైతే ఇంటి మొక్కు అనుకుంటాది," అన్నాను. గొప్ప ఉపాయం చేశానని దిగేటప్పుడు బస్సులో మురిసిపోయాను కూడా.

అమ్మ ఏమీ అడగలేదు. ఇద్దరి తలలకూ మళ్ళీ కాస్త గంధం రాసింది. వీధిలోవాళ్ళు పుణ్యం చేసుకున్నారన్నారు. అంతా సవ్యంగా ఉందనుకున్నాం.

మా ఇంట్లో ఆదివారం తలకు నూనె పెట్టడం అమ్మ పని. గుండ్లయినా మానలేదు. ఇద్దరినీ ముందు కూర్చోబెట్టుకుని, అరచేతిలో కొబ్బరినూనె పోసుకుని, ఒక చెయ్యి నా తలమీద, ఒక చెయ్యి అక్క తలమీద వేసి రుద్దేది. కొన్ని వారాలకు నా తల గరుకుగా మొలిచింది. అక్క తల నున్నగానే ఉంది. తోడుంటానని గుండు కొట్టించుకున్న నేనే అక్క పక్కన కొలతలాగా కూర్చున్నానని అప్పుడు తెలిసింది.

"పెద్దదానికి ఇంకా రాలేదే," అంది అమ్మ.

"నాది ముందునించీ పలచనే కదమ్మా," అంది అక్క.

మరుసటి రోజే బ్లేడు కొని స్నానాలగదిలో నా తల నేనే గీసుకున్నాను. చెవిపైన తెగింది. ఆ ఆదివారం అమ్మ వేళ్ళు ఆ గాటుమీద ఆగాయి. అమ్మ గాటుకు తగలకుండా చుట్టూ నూనె రాసింది.

తర్వాత కొన్నాళ్ళకు పక్కింటివాళ్ళతో కొండకు పోయొస్తానని అమ్మ బయలుదేరింది. సాయంత్రం దిగివచ్చేసరికి గుండుతో, గంధంతో ఉంది.

"ఏం మొక్కుమ్మా?" అని అక్క అడిగింది.

"ఉండాదిలే ఒకటి," అని అమ్మ చేతిసంచి పక్కన పెట్టి పొయ్యిమీద ఎసరు పెట్టింది. అక్క నా వైపు చూసింది.

ఆపైన ఒకే విషయాన్ని ముగ్గురం ఒకరినుంచి ఒకరం దాచుకుంటూ, ఒకే పళ్ళెంలో పప్పన్నం కలుపుకు తిన్నాం. వీధిలోవాళ్ళు మాది గుండ్లోళ్ళ ఇల్లని పేరు పెట్టారు. అది విని అందరికంటే ఎక్కువ నవ్వింది అక్కే.

చివర్లో ఇంక దాచడానికేమీ మిగల్లేదు. ఆస్పత్రి మంచం పక్కన అమ్మ స్టూలు వేసుకుని కూర్చుంది. అక్క మెల్లగా అడిగింది.

"నీకెప్పుడు తెలిసె?"

"నూనె పెట్టినప్పుడే."

"మరి అడగలేదే?"

"నువ్వంత కష్టపడి దాస్తా ఉంటే అడిగేదెట్లా పాపా," అంది అమ్మ. అక్క అమ్మ చెయ్యి తీసి తన తలమీద పెట్టుకుంది.

మామిడికాయల కాలం అయిపోతుండగా అక్క పోయింది.

పోయిన వారం క్లాసులో ఒక అమ్మాయి హైడ్ ఫ్రమ్‌కు ఉదాహరణ అడిగింది. అక్క జబ్బును అమ్మనుంచి దాచిందని ఇంగ్లీషులో బోర్డుమీద రాశాను. "అమ్మకు తెలిసిపోయిందా మేడమ్?" అంది ఆ పిల్ల. నీళ్ళు తాగి తర్వాతి మాటకు పోయాను.

నా జుట్టు ఇప్పుడు భుజాలు దాటింది. ఆదివారం అమ్మ ఇప్పటికీ అరచేతిలో ఇద్దరికి సరిపడా నూనె పోసుకుంటుంది. నా తలకు రాయగా మిగిలినదాన్ని చేతిలో పట్టుకుని కాసేపు అట్లే కూర్చుంటుంది.

"మళ్ళీ ఎక్కువ పోసేసినాను సూడు," అంటుంది.

అంతా నాకే పెట్టమంటాను. నూనె కారి మెడమీదికి వచ్చినా తుడుచుకోను.