నర్సింగమ్మ గాలిలో కొన్న జాగా

ఆలంపూర్‌లో జోగులాంబ తల్లి గుడికి పోయే తోవలో ఎడమచేతి పక్క ఒక సందు ఉంటుంది. ఆ సందులో నర్సింగమ్మ ఇల్లు. ముందర వంటసాల, వెనక నాలుగు గదులు. దూరం నుంచి దర్శనానికి వచ్చేవాళ్లకు గది కిరాయికిస్తుంది, కావాలంటే అన్నం కూడా వండి పెడుతుంది. ఆమె భర్త వెంకన్న ఆలంపూర్ చౌరస్తా నుంచి గుడి దాకా ఆటో నడుపుతాడు. ముసలివాళ్లెవరైనా తెల్లారి తుంగభద్రకు స్నానానికి బయలుదేరితే నర్సింగమ్మ పొయ్యి మీది పాలు దించి వాళ్ల వెనకనే పోతుంది. మెట్ల మీద చెయ్యి పట్టుకుని దింపి, మళ్లీ ఎక్కించి తెస్తుంది. దానికి కిరాయి లేదు. అడిగితే, "మా అత్తను గిట్లనే దింపేదాన్ని, చేతికి అలవాటైంది" అంటుంది.

ఆ నాలుగు గదులకు వెబ్‌సైట్ పెట్టించింది సందు చివరింటి పరమేష్. ఇంజినీరింగు చదివి ఇంటి దగ్గర కూర్చున్న రోజులవి. గదుల ఫొటోలు, అరుగు మీద వెంకన్న నిలబడ్డ ఫొటో, ఫోన్ నంబరు అన్నీ ఎక్కించే ముందు ఒక మాట అడిగాడు.

"పెద్దమ్మా, ఇంటర్నెట్‌ల మన గదులకు ఒక పేరు కొనాలె. జాగా కొన్నట్టే అనుకో. ఎవరి పేరు మీద రిజిస్టరు చెయ్యమంటవ్?"

ఇంకొకరైతే నా పేరు మీదనే అని ఊరుకునేవాళ్లు. నర్సింగమ్మ బర్రెను కొన్నా పేరు బలం చూపించకుండా కొనని మనిషి. జాగా అన్న మాట చెవిన పడగానే కొంగు సర్దుకుని పంతులు ఇంటికి పోయింది.

"అయ్యగారూ, ఒక జాగా కొంటున్న. ఎవరి పేరుకు బలముందో జర చూడుండ్రి."

పంతులు పంచాంగం తీశాడు. "జాగా ఏ దిక్కుకు?"

"దిక్కు తెల్వదు. గాల్ల ఉంటదట."

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. "గాల్ల ఉన్నా జాగా జాగానే. ఈ ఏడు నీకు బలం లేదమ్మా. మీ ఆయనకు అసలే లేదు."

"మా పరమేష్‌కు?"

"ఆ పిలగానికి దివ్యంగ ఉన్నది."

అట్లా గదులు నర్సింగమ్మవి, వాటి పేరు పరమేష్‌ది అయింది. పాస్‌వర్డూ ఆ పిల్లవాని దగ్గరే. "నువ్వేమన్న ఎత్కపోతవా బిడ్డా" అని ఆమె అంటే, "గాల్ల ఉన్నదాన్ని యాడికని ఎత్కపోత పెద్దమ్మా" అని అతను నవ్వాడు. ఇద్దరి మాటలోనూ కల్మషం లేదు.

కొన్నేళ్లు అంతా బాగానే నడిచింది. ఒకనాడు రాయచూరు నుంచి వచ్చిన ముసలవ్వను నది మెట్లు దింపుతుంటే నర్సింగమ్మ నడుము నుంచి ఫోను జారి తుంగభద్రలో పడింది. "తల్లికి ముడుపు గట్టిన అనుకుంట" అని కొత్త ఫోను, కొత్త నంబరు తీసుకుంది. వెబ్‌సైట్‌లో మాత్రం పాత నంబరే ఉండిపోయింది. అప్పటికే పరమేష్ మహబూబ్‌నగర్‌లో ఒక చిన్న ఆఫీసులో నౌకరీకి కుదిరాడు. ఫోన్ చేస్తే, "రేపు మారుస్త పెద్దమ్మా" అన్నాడు. మళ్లీ చేసినా రేపే అన్నాడు. ఆ తర్వాత ఫోన్ ఎత్తడమే మానేశాడు.

నవరాత్రులు దగ్గరపడుతున్నాయనగా, గదులన్నీ నిండి ఉన్న ఒక సాయంత్రం, వెంకన్న ఆటో దిగి ఒక కుటుంబం పెట్టెలతో వాకిట్లో నిలబడింది.

"మా గది ఏదమ్మా? అన్న ఫోన్ల జెప్పిండు, రాండ్రి ఉన్నదని."

"ఏ అన్న?"

వాళ్లు నంబరు చూపించారు. అది నదిలో పడ్డ నంబరే.  నర్సింగమ్మ తన కొత్త ఫోన్‌లో ఆ నంబరు నొక్కింది. అవతల మొదట వినిపించింది మేకల అరుపు.

"ఆఁ, రాండ్రి రాండ్రి, గదులున్నయ్!" అన్నాడు ఒక పెద్దమనిషి. "అమ్మవారి దర్శనం మంచిగయితది."

"గదులు నావి. నువ్వెవరన్నా?"

కాసేపు మేకలే మాట్లాడాయి. తర్వాత గొంతు తగ్గించి చెప్పాడు. పేరు చెన్నయ్య, హుజూర్‌నగర్ పక్కన పల్లె, మేకలు కొని అమ్ముతాడు. ఈ మధ్యనే కొత్త సిమ్ తీసుకుంటే కంపెనీ ఈ నంబరిచ్చింది. అప్పటి నుంచి మేకల కోసం ఒక్కరు ఫోన్ చేస్తే గదుల కోసం పదిమంది చేస్తున్నారు.

"రాంగ్ నంబరని చెప్తే అయిపాయె గదన్నా!"

"మొదట్ల గట్లనే చెప్పిన చెల్లె. ఒకామె ఏడ్సింది. బిడ్డకు మొక్కుబడి ఉందట, యాడ దిగాల్నో తెల్వదట. అమ్మవారి కాడికి వచ్చేటోళ్లకు జాగా లేదని నోటికెట్ల వస్తది? వస్తే ఎవరో ఒకరు చూసుకుంటరులే అని రమ్మంటున్న. నువ్వు చూసుకుంటున్నవ్ గదా!"

కోపమొచ్చే మాటే గానీ, కోపానికి పట్టు దొరకలేదు నర్సింగమ్మకు. ఆ రాత్రి వచ్చినవాళ్లను తమ గదిలో పడుకోబెట్టి, ఆలుమగలు వంటసాలలో బియ్యం బస్తాల నడుమ ఒరిగారు.

"నీ కొత్త మేనేజరు మంచోడే" అన్నాడు వెంకన్న, దోమను కొడుతూ. "మేకలకు కూడ గదులిమ్మంటడేమో అడుగు."

ఆమె నవ్వలేదు. నవరాత్రులకు వచ్చేవాళ్లు తక్కువా? ఉన్నవి నాలుగే గదులు. ఈ చెన్నయ్య ఎంతమందికి మాటిచ్చి ఉంటాడో! తల్లి పేరు చెప్పి రమ్మని, వచ్చినాక వాకిట్ల నుంచి వెనకకు పంపితే ఆ పాపం ఎవరికి? నంబరు మార్చాలి. మార్చే తాళం పరమేష్ చేతిలో ఉంది.

తెల్లారి నాలుగు జొన్నరొట్టెలు కాల్చి, వంకాయ కూర టిఫిన్ డబ్బాలో సర్దింది.

"కొట్లాటకు పోతున్నవా, పెండ్లికి పోతున్నవా?" అన్నాడు వెంకన్న.

"ఆకలి మీదున్న పిలగానితోని ఏం కొట్లాట? ముందు తిననీ."

మహబూబ్‌నగర్‌లో ఆఫీసు దొరికేసరికి మధ్యాహ్నమైంది. ఆమెను చూసి పరమేష్ కంప్యూటరు వెనకకు తల వంచాడు. ఆమె పోయి పక్క కుర్చీలో కూర్చుని డబ్బా మూత తీసింది.

"తిన్నవా కొడుకా?"

ఆ ఒక్క మాటకే పిల్లవాని కళ్లు నిండాయి. ఒక రొట్టె తిన్నాక అసలు సంగతి బయటపడింది.

"నీ సైటు ఒక్కటే కాదు పెద్దమ్మా. నేను జేసిన పదిమంది సైట్లు ఒక్క ఖాతాలనే ఉన్నయ్, నా పేరు మీద. దాని పాస్‌వర్డ్ మరిచిపోయిన. అది నా పాత మెయిల్‌కు కట్టి ఉన్నది, ఆ మెయిల్ మొన్ననే తెరుచుకున్నది, దాంతోని కొత్త పాస్‌వర్డ్ పెట్టిన. ఇగ తెరుచుకున్నా, నువ్వు మల్ల మల్ల నా కోసం చూడకుండ నీకే పాస్‌వర్డ్ ఇద్దామంటే అందరి ఇండ్ల తాళాలు నీకిచ్చినట్టయితది. ఏం జెయ్యాల్నో తెల్వక, మొహం చెల్లక ఫోన్ ఎత్తలే."

"పిచ్చోడా, గీ మాట ఫోన్లనే చెప్తే నేను తిడుతుంటినా?"

"తిట్టవు, నాకు తెల్సు. అందుకే ఇంకా భయమైంది."

పక్క బల్ల మీది దీప్తి అనే అమ్మాయి తలెత్తి, "అన్నా, ఆమె పేరు మీద వేరే ఖాతా తెరిచి, ఆమె సైటొక్కటే దాంట్లకు మార్చెయ్యి. మిగిలినోళ్లవి కూడ గట్లనే ఎవరివి వాళ్లకియ్యి" అంది. పరమేష్ నెత్తి గోక్కున్నాడు.

కొత్త ఖాతా తెరిచాడు. పేరు దగ్గర వేలు ఆగింది. "పెద్దమ్మా, బలం..."

నర్సింగమ్మ క్షణం కళ్లు మూసుకుంది. "పంతులు చెప్పింది ఆ యేటికి. గదులు ఊడ్చేది నేను, బియ్యం కడిగేది నేను, రేపు వాకిట్ల నిలబడి అందరికి జవాబు చెప్పేది నేను. రాయి, నా పేరే రాయి. తల్లి చూసుకుంటది."

"పాస్‌వర్డ్ నువ్వే పెట్టుకో. నాకు చెప్పకు."

ఆమె కాసేపు ఆలోచించి, ఆఫీసంతా వినేటట్టు, "జోగులాంబ తల్లి!" అంది.

"అయ్యో, గట్టిగ చెప్పొద్దు పెద్దమ్మా!"

"తల్లి పేరు మెల్లగ చెప్తరా?"

దీప్తి నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. పరమేష్ ఇంకో మాట ఆలోచించుకొమ్మని బతిమాలి, కొళాయి దగ్గర స్నానం చేసేవాళ్లను చూసి మొహం తిప్పుకున్నట్టు గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. దీప్తి కూడా తిరిగింది. నర్సింగమ్మ ఒక్కో అక్షరం వెతుక్కుంటూ నొక్కింది. ఓటీపీ ఆమె ఫోన్‌కే వచ్చింది. పాత నంబరు తీసేసి కొత్తది తన వేలితోనే కొట్టింది. ఆ తర్వాత చూస్తే డబ్బాలో రొట్టెలు అయిపోయాయి, దీప్తి కూడా ఒకటి తిన్నది.

బస్సులో కూర్చుని చెన్నయ్యకు ఫోన్ చేసింది. "అన్నా, ఇగ నీకు ఫోన్లు రావు. చానా పుణ్యం గట్టుకున్నవ్."

అవతల సంతోషం వినిపించలేదు. "గట్లనా చెల్లె" అన్నాడు చిన్నబోయి. "నాకు అలవాటైంది. పొద్దుగాల్నే ఎవరో ఒకరు అమ్మవారి పేరు చెప్పేటోళ్లు." కొంచెం ఆగి, "మూలా నక్షత్రం నాటికి కొంతమందికి మాటిచ్చిన" అన్నాడు.

"ఎంతమందికి?"

"లెక్క పెట్టలే."

నర్సింగమ్మ ఫోను ఒళ్లో పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. జొన్న చేలు వెనకకు పోతున్నాయి. మూలా నక్షత్రం నాటికి నాలుగు గదులూ ఏటా వచ్చేవాళ్లు ముందే అడిగి పెట్టుకున్నారు. ఆమె సైటు తెరిచి, పరమేష్ నేర్పినట్టు లోపలికి పోయి, "గదులు నిండినయ్" అని కొట్టింది. చదువుకుంది. పెట్టెలతో వాకిట్లో నిలబడ్డ మనుషులు కళ్లకు కట్టారు. వేలు ఆగింది. ఎవరినీ అడిగే పని లేదు, ఎవరూ ‘రేపు మారుస్త’ అనరు. బస్సు గుంతల్లో ఎగిరెగిరి పడుతుంటే, తప్పులు దిద్దుకుంటూ దాని కింద ఇంకో మాట చేర్చింది.

చౌరస్తాలో వెంకన్న ఆటోతో ఎదురుచూస్తున్నాడు. ఫోను అతని చేతికిచ్చింది. లైటు కింద పట్టుకుని కూడబలుక్కుని చదివాడు. "గదులు నిండినయ్. అయినా రాండ్రి, అన్నం ఉంటది, అరుగు ఉంటది, చాపలు ఉంటయ్."

"చాపలు యాడున్నయే మనకు?"

"దుకాణం మూయకముందే పోనీ" అని నర్సింగమ్మ ఆటోలో ముందు సీటు పక్కనే ఒదిగి కూర్చుంది.