ఆపితే ఆగే నీళ్ళు

నా చిన్నప్పుడు, మా నాన్నగారికి గుడివాడ నుంచి దివిసీమకు బదిలీ అయిన ఏడాది, మాట్లాడటానికి తోటిపిల్లలు లేక కాలువతో మాట్లాడేదాన్ని. మేం అద్దెకు దిగిన ఇల్లు అవనిగడ్డకు దిగువన ఒక చిన్న ఊళ్ళో, కాలువ గట్టుకు ఆనుకుని ఉండేది. పొద్దున్నే మెలకువ వచ్చేసరికి నీటి మీది వెలుగు కిటికీలోంచి లోపలికి వచ్చి, పైకప్పు మీద సన్నగా వణుకుతూ కనిపించేది. మంచం మీద అలాగే పడుకుని దాన్ని చూస్తూ, మా ఇల్లే ఒక పడవ అనీ, నేను నిద్రపోతున్నప్పుడు ఎంతో దూరం వచ్చేసిందనీ అనుకునేదాన్ని. అప్పటికి నాకు పదేళ్ళు.

ఎదురింట్లో అక్కాచెల్లెళ్ళు ఇద్దరుండేవారు. అవతలి గట్టు నుంచి గడ్డిమోపులు తెచ్చుకోవడానికి వాళ్ళ నాన్నకు తాటిమాను తొలిచి చేసిన దోనె ఒకటి ఉండేది. దసరా సెలవులు వచ్చాయంటే సాయంత్రాలు ఆ దోనె పిల్లలదే. అవతలి గట్టు పిల్లలు వాళ్ళ దోనెలో ఎదురొచ్చేవారు. రెండూ కాలువ నడుమ కలుసుకుంటే ఇక యుద్ధమే. వెదురు చిమ్మనగ్రోవులతో ఒకరి ముఖాన ఒకరు నీళ్ళు చిమ్ముకునేవారు. ఎవరి దోనె ముందుగా వెనక్కి తిరిగితే వాళ్ళు ఓడినట్టు. నేను గట్టు మీద కూర్చుని చూసేదాన్ని. ఒకరోజు ధైర్యం చేసి నన్నూ ఎక్కించుకోమని అడిగాను.

పెద్దమ్మాయి నన్ను ఎగాదిగా చూసింది. "గెడ వేయడం వచ్చా? పోనీ చిమ్మడం వచ్చా? ఊరికే కూచుంటే బరువే కదే," అంది.

అందులో వెటకారం లేదు. ఉన్నమాటే అంది. అందుకే మరీ గుచ్చుకుంది. మర్నాడు పొద్దున్నే పక్కింటి మావయ్య దగ్గరకు వెళ్ళాను.

పక్కింటి మావయ్య రేడియోలు, టేపురికార్డర్లు బాగుచేసేవారు. ఆయన కొట్టు ఆ ఇంటి వసారాయే. ఎప్పుడూ ఏదో ఒక రేడియో పొట్ట తెరుచుకుని బల్ల మీద పడుకుని ఉండేది. ఆయన భార్య, మా అత్తయ్యగారు, అవతలి గట్టున అంగన్‌వాడీలో, దసరాకి కూడా సెలవుల్లేని చిన్నపిల్లల బడిలో, టీచరు. మేం ఆ ఊరికి వచ్చాక నన్ను పేరడిగి పలకరించిన మొదటి మనిషి ఆవిడే. రోజూ సాయంత్రం నా జడలో కనకాంబరాలు పెట్టేవారు. అందరూ రేవులో పడవెక్కి అయిదు నిమిషాల్లో అవతలికి వెళితే, ఆవిడ మాత్రం లాకుల దగ్గరి వంతెన మీదుగా చుట్టు తిరిగి నడిచి వెళ్ళేవారు. నడకంటే ఇష్టమేమో అనుకునేదాన్ని. గట్టు మీద కూడా కాలువ వైపు కాకుండా చేల వైపు అంచునే నడిచేవారు.

అందరిదీ వెదురు చిమ్మనగ్రోవే కదా, నాది బ్యాటరీలతో పనిచేయాలన్నాను. మావయ్య నవ్వలేదు. కాసేపు ఆలోచించి, పాత సామాన్ల డబ్బా నా ముందుకు తోసి, "మోటారు వెతుకు. మిగతాది నువ్వే చెయ్యాలి," అన్నారు.

ఒక పాడైన టేపురికార్డరు మోటారు దొరికింది. ఫొటో స్టూడియోలో పారేసిన కెమెరా రీలు డబ్బా ఒకటి, డాక్టరుగారి దగ్గర అడిగి తెచ్చుకున్న సెలైను గొట్టం, రీఫిల్లు తీసేసిన పెన్ను, కాలింగ్ బెల్లు మీట, నాలుగు టార్చిలైటు బ్యాటరీలు. పౌడరు డబ్బా రేకు కత్తిరించి నాలుగు రెక్కల చిన్న పంకా చేసి మోటారు ఇరుసుకు తగిలించాను. మూతకు బెజ్జం పెట్టి, మోటారు పైన, పంకా డబ్బా లోపల ఉండేలా బిగించాను. సందుల్లో కొవ్వొత్తి మైనం కరిగించి పోశాను. డబ్బా అడుగున నీళ్ళు లోపలికి రావడానికి ఒకటి, బయటికి పోవడానికి ఒకటి, రెండు బెజ్జాలు పెట్టి, రెండోదానికి గొట్టం, గొట్టం కొసకు పెన్ను తొడిగాను. బకెట్లో ముంచి మీట నొక్కితే మోటారు గుర్రుమంది. నీళ్ళు మాత్రం గొట్టంలోకి రాలేదు. పంకా అటు తిప్పి, ఇటు తిప్పి, ఏడుపు మొహం పెట్టాను.

మావయ్య లేచి లోపలికి వెళ్ళి గొడుగు తెచ్చారు. దాన్ని విప్పి, మీద చెంబుడు నీళ్ళు పోసి, పిడి పట్టుకుని గిర్రున తిప్పారు. వసారా అంతా చినుకులే. బల్ల మీది రేడియో, నేను, ఆయన కళ్ళద్దాలు, అన్నీ తడిశాయి.

"నీళ్ళు ఎటు పోయాయమ్మడూ?"

"పక్కలకి."

"మరి నువ్వు గొట్టం ఎక్కడ పెట్టావు?"

పంకా నీళ్ళను అంచుకు విసురుతోంది, నేను అడుగున కాచుకుని కూర్చున్నాను. గొట్టం ఉన్న అడుగు బెజ్జం పూడ్చి, డబ్బా పక్కకు బెజ్జం పెట్టి, గొట్టం అక్కడ తొడిగాను. మీట నొక్కాను. పెన్ను మొనలోంచి సన్నటి నీటిధార రెండు బారల దూరం వెళ్ళి పెరట్లో పడింది. వేలు తీస్తే ఆగిపోయింది. ఆ రోజు నా అంత గొప్పదాన్ని నేను ఎక్కడా చూడలేదు.

దాన్ని నా చేతికిచ్చేముందు మావయ్య ఒక్క మాటన్నారు. "మలుపు ఇవతలే ఆడుకోండి. అవతలికి మాత్రం వెళ్ళొద్దు."

"ఎందుకండీ?"

"చెప్పానుగా," అన్నారు, రేడియో మీదికి వంగిపోతూ.

ఆ సాయంత్రం నాకు దోనెలో చోటు దొరికింది. ముందు కొసన కూర్చున్నాను. డబ్బా నీళ్ళలోకి వేలాడదీసి, మోటారు పైకి ఉండేలా దోనె అంచుకు కట్టాను. బ్యాటరీలు ఒళ్ళో, పెన్ను చేతిలో. వాళ్ళు చిమ్మనగ్రోవి నింపుకునేలోపు నాది చిమ్ముతూనే ఉండేది. పొట్టకొచ్చిన వరిచేల మీదుగా ఎండ ఏటవాలుగా పడి, నా నీటిధార మధ్యలో అప్పుడప్పుడూ ఏడు రంగులు మెరిసేవి. చుట్టూ గుర్రపుడెక్క ఊదాపూలు దోనె రాసుకుంటే తలలూపేవి. ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే ఆ మూడు సాయంత్రాలూ ఒక్క సాయంత్రంగానే గుర్తొస్తాయి.

మూడోనాడు అవతలి దోనె వెనక్కి తిరిగి పారిపోయింది. తరుముతూ మేం మలుపు దాటేశాం. దాటామని నాకు తెలుసు. గట్టు మీద తాడిచెట్ల వరసలో, భుజాన సంచితో, అత్తయ్యగారు బడి నుంచి వస్తూ కనిపించారు. నాకు ఎంత సంతోషమేసిందో. నేను గెలిచానని, ఇది నేను చేశానని ఆవిడకు చూపించాలనిపించింది.

"అత్తయ్యగారూ!" అని కేకేశాను. ఆవిడ ఇటు తిరిగారు. మీట నొక్కాను. నీళ్ళు సరిగ్గా ముఖాన పడ్డాయి.

ఆవిడ అరవలేదు. నవ్వలేదు. సంచి జారిపోయింది. అందులోంచి కేరేజీ గిన్నె దొర్లి కాలువలో పడింది. ఆవిడ రెండడుగులు వెనక్కి వేసి, పక్కనున్న తాడిచెట్టును రెండు చేతులా కరుచుకుని, చెంప దానికి ఆనించి, కళ్ళు గట్టిగా మూసుకున్నారు. నేను వేలు ఎప్పుడు తీశానో నాకే తెలియదు.

"ఏం పని చేశావే!" అంది పెద్దమ్మాయి గొంతు తగ్గించి. దోనె గట్టుకు చేర్చి మావయ్య కోసం పరుగెత్తింది.

మావయ్య వచ్చారు. ఆవిడ చేతులు విడిపించబోతారనుకున్నాను. ఆయన ఆ పని చేయలేదు. నాలుగడుగుల దూరంలో గొంతుక్కూర్చుని, మామూలు మాటలు మాట్లాడటం మొదలుపెట్టారు. పొయ్యి మీంచి అన్నం దించాననీ, కరణంగారి రేడియో మళ్ళీ మూగబోయిందనీ, పెరట్లో దోసపాదు పూతకొచ్చిందనీ. అలా ఎంతసేపు చెప్పారో. చివరికి ఆవిడే ఒక చెయ్యి తీశారు. తర్వాత రెండోది. ఇద్దరూ చేల వైపు అంచునే నడుచుకుంటూ ఇంటికి వెళ్ళిపోయారు.

చీకటి పడకముందే నేను ఆ యంత్రాన్ని తీసుకెళ్ళి మావయ్య బల్ల మీద పెట్టేశాను. ఆయన తిట్టలేదు.

"తప్పు నాది కూడానమ్మా. వెళ్ళొద్దన్నాను గానీ, ఎందుకో చెప్పలేదు. ఆ వేళకి మలుపు అవతల మీ అత్తయ్య ఒక్కతే గట్టు మీద నడిచొస్తుంటుంది," అన్నారు. "ఉప్పెన వచ్చేనాటికి మీ అత్తయ్యకి పదమూడేళ్ళు. వాళ్ళది సముద్రానికి దగ్గర ఊరు. తాడిచెట్టు పట్టుకుని తను బతికింది. ఇంట్లో ఇంకెవరూ మిగల్లేదు."

అంతే చెప్పారు. నేను ఇంటికి వచ్చి పడుకున్నాను. మర్నాడు పొద్దున పైకప్పు మీద వణికే వెలుగును చూడబుద్ధి కాక గోడ వైపు తిరిగి పడుకున్నాను. ఈ నీళ్ళే కదా, అనిపించింది. నాకు ఇన్నాళ్ళూ ఆటగా కనిపించినవి ఈ నీళ్ళే. దోనె వాళ్ళు పిలిచినా వెళ్ళలేదు.

అది జరిగిన నాలుగో రోజు, ఆదివారం మధ్యాహ్నం, అత్తయ్యగారే మా పెరట్లోకి వచ్చారు. చేతిలో నా యంత్రం.

"ఇది ఎలా పనిచేస్తుందో చూపించు," అన్నారు.

నాకు ఏడుపొచ్చేసింది. "చెప్పకుండా కొట్టేశానండీ," అన్నాను.

"ఔను. చెప్పాల్సింది," అన్నారావిడ. పర్వాలేదులే అనలేదు. ఆ మాట అనకపోవడం వల్లే నాకు కాస్త ఊపిరాడింది. "నీళ్ళంటే కాదే నాకు భయం. చెప్పకుండా వస్తాయి చూడు, అదీ."

బకెట్లో డబ్బా ముంచి, పెన్ను కనకాంబరం మొక్క వైపు పెట్టి, మీట ఆవిడ చేతికిచ్చాను. ఆవిడ నొక్కారు. నీళ్ళు వచ్చాయి. ఉలిక్కిపడి వేలు తీశారు. ఆగిపోయాయి.

"ఆగాయే!" అన్నారు.

మళ్ళీ నొక్కారు. మళ్ళీ తీశారు. ఎన్నిసార్లో. మొక్క మొదలు బురదైపోయింది. నొక్కినప్పుడు కాదు, వేలు తీసినప్పుడల్లా ఆవిడ ముఖం విచ్చుకునేది. తర్వాత ధారను తన అరచేతి మీదికి తిప్పుకున్నారు. తర్వాత మోచేతి మీదికి. చివరికి కళ్ళు మూసుకుని ముఖం మీద ఒక్క క్షణం పట్టి, ఆపి, కొంగుతో తుడుచుకుంటూ, "నేను ఆగమంటే నీళ్ళు ఆగడం ఇదే మొదటిసారి చూడ్డం," అన్నారు.

సెలవుల ఆఖరి రోజు సాయంత్రం ఆవిడ రేవుకు వచ్చారు. దోనె ఎక్కుతానన్నారు. ఒక షరతు పెట్టారు. ఆపమంటే ఆపాలి, పొమ్మంటేనే పోనివ్వాలి. పెద్దమ్మాయి గెడ పట్టుకుంది, నేను ఎదురుగా కూర్చున్నాను, మావయ్య గట్టు మీద నిలబడ్డారు. నాలుగు బారలు వెళ్ళామో లేదో, "ఆపు," అన్నారు. పెద్దమ్మాయి గెడను బురదలో గుచ్చి దోనెను నిలిపేసింది. నీళ్ళు మా పక్కనుంచి చప్పుడు లేకుండా జారిపోతున్నాయి. ఒక కొంగ తెల్లగా మా మీదుగా ఎగిరిపోయింది. "పోనీ," అన్నారు. మళ్ళీ "ఆపు." అయిదు నిమిషాల కాలువ దాటడానికి అరగంట పైనే పట్టింది. నడిమధ్యన ఒకసారి ఆవిడ తనంతట తానే చెయ్యి చాపి, వేలి కొసలు నీళ్ళకు తాకించి తీసేశారు.

అవతలి గట్టు ఎక్కాక, తిరిగి తీసుకెళ్తామని మేం ఎదురుచూస్తుంటే ఆవిడ నవ్వి, "ఇవాళ్టికి చాలు తల్లీ," అని, వంతెన మీదుగా చుట్టు తిరిగి ఇంటికి నడిచి వెళ్ళిపోయారు. ఇవతలి గట్టు మీద మావయ్య కూడా ఆవిడకు ఎదురుగా వంతెన వైపు నడక మొదలుపెట్టారు. ఆ తర్వాత అప్పుడప్పుడూ పడవలో వెళ్ళేవారు. మబ్బు పట్టిన రోజున మాత్రం వంతెనే. రెండేళ్ళకు మాకు బందరు బదిలీ అయింది.

నేను బందరులోనే పళ్ళ డాక్టరునయ్యాను, ఇప్పుడు జుట్టు నెరిసిపోతోంది. నా చేతిలో నీళ్ళు చిమ్మే సాధనం ఒకటి ఎప్పుడూ ఉంటుంది. కుర్చీలో పడుకుని నోరు తెరిచిన మనిషికి ఏం చేయబోతున్నానో, ఎందుకు చేయబోతున్నానో ముందుగా చెబుతాను. "ఎప్పుడు ఆపమన్నా ఆపుతాను. చెయ్యెత్తండి, చాలు," అంటాను. కొందరు నొప్పి లేకపోయినా ఎత్తుతారు, నిజంగా ఆపుతానో లేదో చూడటానికి. చిన్నపిల్లలైతే మరీనూ. మొన్న ఒక పిల్ల ఎనిమిదిసార్లు ఎత్తింది. బయట చాలామంది ఎదురుచూస్తున్నారని నర్సు గుర్తుచేసింది. ఎనిమిదిసార్లూ ఆపాను. తొమ్మిదోసారి ఆ పిల్ల చెయ్యెత్తబోయి, తనే మెల్లగా దించేసుకుని, నోరు ఇంకాస్త తెరిచింది.